మినిస్టరు ఓడెక్కిన రేవు

"ఇంగ్లీషువాడికి 'మినిస్టర్' అనే మాటను ప్రసాదించింది మన విశాఖపట్నమే!"

ఫిషింగ్ హార్బరులో శిలాఫలకం మీది తెర లాగుతూ, పదవారసత్వ శాఖామాత్యులు శ్రీ అర్జునరావుగారు ఈ సంగతి ప్రకటించగానే, చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం పార్టీ కార్యకర్త సన్యాసిరాజు వైపు చూశారు. సన్యాసిరాజు కొట్టాడు. జనమూ కొట్టారు. చప్పట్ల విషయంలో ఆ చుట్టుపక్కల అతనికి తిరుగులేదు.

పదవారసత్వ శాఖ అనేది ఒకటి ఉందని తెలియనివారు ఎవరైనా ఉంటే అది వారి తప్పు కాదు. కొత్త మంత్రివర్గంలో శాఖలన్నీ పంచేశాక తీరా చూస్తే అర్జునరావుగారు ఒక్కరూ మిగిలిపోయారు. అప్పటికే ప్రమాణస్వీకారం అయిపోయింది. చేయించిన ప్రమాణాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఎక్కడా లేదు. శాఖకు మంత్రిని వెతకడం మామూలే గనక, ఈసారి మంత్రికి శాఖను వెతికారు. తెలుగువారి మాటలు ప్రపంచ భాషల్లో ఎక్కడెక్కడ చిక్కుకుపోయి ఉన్నాయో కనిపెట్టి, వాటి పుట్టుపూర్వోత్తరాలు తేల్చి, స్తూపాలు కట్టించడం ఈ శాఖ పని. శాఖకు ఒక కార్యదర్శిని, ఒక కారును, ఒక సైరనును ఇచ్చారు. మాటలు మాత్రం మీరే వెతుక్కోండి అన్నారు.

మొదటి మాట మంత్రిగారికి కారులోనే దొరికింది. ఎన్.ఏ.డి. జంక్షను దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుని ఉండగా ఆయనకు చటుక్కున తట్టింది. "ఒరే సన్యాసిరాజూ, మంత్రి, మినిస్టరు... రెండూ 'మ' తోనే కదా మొదలు? మధ్యన 'న' ఉంది. సివర్న 'ర' ఉంది. ఇంత పోలికలున్నాక తండ్రీకొడుకులు కాక ఇంకేటవుతారు?" అని ముందు సీట్లో ఉన్న సన్యాసిరాజును అడిగారు.

"ముక్కూ మూతీ దింపీసినట్టే ఉన్నాయి సార్" అన్నాడు సన్యాసిరాజు.

దానితో పరిశోధన మొదటి దశ ముగిసింది. కారు జంక్షను దాటకముందే శిలాఫలకానికి ఆర్డరు వెళ్ళిపోయింది. 'మన మంత్రి ఈ రేవులోనే ఓడ ఎక్కి, ఇంగ్లండులో మినిస్టరుగా దిగెను' అని నల్లరాతి మీద బంగారు రంగు అక్షరాలు చెక్కించారు. రుజువులు లేకుండా రాయి వేయించారని ఎవరైనా అంటే అది వారి అజ్ఞానం. మన దేశంలో ముందు రాయి పడుతుంది, ఆ తర్వాతే మిగతావి. అసలు రాయే పడకపోతే దేనికోసం వెతుకుతున్నామో వెతికేవాడికి మాత్రం ఎలా తెలుస్తుంది?

"ఈ మాట పుట్టుకను శాస్త్రీయంగా రుజువు చేసే బాధ్యతను, పార్టీ కోసం రక్తాన్ని చెమటగా మార్చిన మన సన్యాసిరాజు భుజాల మీద పెడుతున్నాను" అన్నారు మంత్రిగారు మైకులో. "రుజువైన మరుక్షణం రాష్ట్ర పదమూల పరిశోధన సంస్థకు అతనే చైర్మన్!"

ఈసారి చప్పట్లు కొట్టాల్సిన సన్యాసిరాజు కొట్టలేకపోయాడు. చైర్మన్ అనే మాట దగ్గరే అతని మనసు ఆగిపోయింది. జనం కాసేపు చూసి, ఈ మాటకు అవసరం లేదు కాబోలుననుకుని ఊరుకున్నారు.

సన్యాసిరాజు బాధ అతనిలాంటి కార్యకర్తలకే తెలుస్తుంది. కుర్రతనంలో జెండా పట్టుకున్నాడు. నడివయసు వచ్చింది, జెండా చేతిలోనే ఉంది. పెళ్ళిళ్ళలో పక్క ఆకు ముందు కూర్చున్నవాడు "మీరేం చేస్తుంటారు?" అని అడుగుతాడు. "పార్టీలో ఉన్నాను" అంటే, "అది సరేనండీ, ఏం చేస్తుంటారు?" అని మళ్ళీ అడుగుతాడు. అప్పుడు సన్యాసిరాజు ఇంకాస్త సాంబారు కోసం వడ్డించేవాణ్ణి కేకేస్తాడు. గాజువాకలో ఇంటికింద కిరాణా కొట్టు పెట్టి సంసారం లాక్కొస్తున్నది అతని భార్య రామలక్ష్మమ్మ. ఆ సంగతి అందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు.

ఆ రాత్రి భోజనాల దగ్గర శుభవార్త చెప్పాడు.

"సైర్మనంటే ఏటి సేత్తారు?" అంది రామలక్ష్మమ్మ.

"కూకుంటారు."

"ఇప్పుడూ అదే సేత్తన్నావు కదా."

"ఇప్పుడు ఊరికే కూకుంటన్నాను. అప్పుడు కుర్సీలో కూకుంటాను. కారుంటాది. కారుకి బోర్డుంటాది. తలుపు తీయడానికి మనిషుంటాడు."

రామలక్ష్మమ్మ పులుసు వడ్డిస్తూ ఆగింది. "నాకు కారొద్దు, బోర్డొద్దు. మీ ఆయన ఏటి సేత్తన్నాడని మా సెల్లి అత్తోరు అడిగినప్పుడల్లా పక్కకి సూడాల్సొత్తంది. సెప్పుకోడానికి ఒక్క మాటుంటే సాలు నాకు" అంది.

సన్యాసిరాజుకు నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎలాగైనా సరే ఈ మినిస్టర్ అనే మాటను విశాఖ రేవులోనే ఓడ ఎక్కించి తీరాలని అన్నంమీద ఒట్టు పెట్టుకున్నాడు.

మాటల పుట్టుక ఎవరికి తెలుస్తుందని వాకబు చేస్తే మధురవాడలో ఒక ఇంజనీరింగు కాలేజీ పేరు చెప్పారు. అక్కడ పిల్లలకు ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే దీనా అనే మేడమ్ నిజానికి భాషాశాస్త్రంలో డాక్టరేటట. భాషాశాస్త్రం అడిగేవాళ్ళు లేక, 'టెల్ మీ అబౌట్ యువర్సెల్ఫ్' చెప్పుకుంటోందట. సన్యాసిరాజు శాలువా, బొకే పట్టుకుని వెళ్ళి, విషయం చెప్పాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. డాక్టరేటు వచ్చాక ఆవిణ్ణి ఒక మాట పుట్టుక గురించి అడిగిన మొదటి మనిషి ఇతనే.

"మినిస్టర్ అనే మాట ఇంగ్లీషుకి ఫ్రెంచి నుంచి వచ్చిందండీ. ఫ్రెంచికి లాటిన్ నుంచి" అంది.

"లాటినుకి మన దగ్గర్నుంచి."

"కాదండీ."

"పోనీ మధ్యలో ఎప్పుడైనా ఓ పూట మన రేవులో ఆగిందేమో సూడండి మేడమ్. మంచినీళ్ళకైనా సరే."

"ఆగలేదండీ. లాటిన్‌లో మినిస్టర్ అంటే ఇంట్లో నౌకరు. భోజనాల దగ్గర వడ్డించేవాడు, చెప్పిన పని చేసేవాడు. లెక్కల్లో మైనస్ అంటాం చూడండి, తక్కువ అని. ఆ కుదురు లోంచే వచ్చింది. తక్కువవాడు అని అర్థం. దానికి ఎదురు మాట మెజిస్టర్. అంటే ఎక్కువవాడు. మన మాస్టారు ఆ వంశమే."

సన్యాసిరాజు లేచి తలుపు దాకా వెళ్ళి, వరండాలో ఎవరైనా విన్నారేమో చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"అంటే మేడమ్, పంతులుగారు ఎక్కువ, మినిస్టరుగారు తక్కువా?"

"పుట్టుక ప్రకారం అంతేనండీ."

"మీకు కారుందా?"

"లేదండీ. సిటీబస్సులో వస్తాను."

"మరి?" అన్నాడు సన్యాసిరాజు. భాషాశాస్త్రంలో ఇంత పెద్ద లోపం పట్టేసినందుకు అతనికి కాస్త ధైర్యం వచ్చింది. "సరే, ఆ లాటినోళ్ళ గొడవ వదిలేద్దాం. మరి మన మంత్రి ఏటయ్యాడు? అసలు ఓడే ఎక్కలేదా?"

"ఎక్కాడండీ! అది మాత్రం నిజమే" అంది దీనా ఉత్సాహంగా. "మంత్రి అనే సంస్కృతం మాట మన దేశం నుంచి తూర్పుకి వెళ్ళి మలయ్ భాషలో చేరింది. అక్కడ పోర్చుగీసువాళ్ళు విని తీసుకున్నారు. వాళ్ళ నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళి మాండరిన్ అయింది. చైనాలో పెద్ద పెద్ద ఆఫీసర్లను ఆ పేరుతో పిలిచేవారు. ఇప్పటికీ లండన్‌లో సెక్రటరీలను వేళాకోళానికి అలాగే అంటారు. ఒక రకం కమలాపండుకి కూడా అదే పేరు."

"మంత్రిగా ఎక్కి ఆఫీసరుగా దిగాడా!" సన్యాసిరాజు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఓడలో ఏటి జరిగిందో ఏటో."

"ఇంకా వెనక్కి వెళ్తే, మంత్రి అంటే ఆలోచన చెప్పేవాడు. మినిస్టర్ అంటే సేవ చేసేవాడు. రెండు వేరు వేరు వంశాలండీ."

సన్యాసిరాజు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆలోసించడం, సేవ సెయ్యడం... ఈ రెండూ కాకండా ఇంకో మూలం ఏదీ లేదా మేడమ్?" అని అడిగాడు.

"లేదండీ."

"కాయితం మీద పెట్టకండి. నోటిమాటగానే ఉండనీండి" అని బతిమాలి, శాలువా కప్పి వచ్చేశాడు.

సర్క్యూట్ హౌస్‌లో మంత్రిగారు కాళ్ళు బార్లా చాపుకుని ఉప్మా తింటున్నారు. పక్కనే శాఖా కార్యదర్శి అనిరుధ్ ఐ.ఏ.ఎస్. నిలబడి ఉన్నాడు. ఆయన తెలుగు మాతృభాషగా కాక ట్రైనింగులో నేర్చుకున్నవాడు కావటంచేత చాలా శుద్ధంగా మాట్లాడతాడు. సన్యాసిరాజు గుమ్మం దగ్గరే నిలబడి మొత్తం చెప్పాడు. 'తక్కువవాడు' దగ్గరకు వచ్చేసరికి దగ్గుతో కప్పేయాలని చూశాడు గాని, మంత్రిగారి చెవులు చురుకు.

"ఎవుడు తక్కువ?"

"లాటిన్‌లో సార్. మన దగ్గర కాదు."

"లాటినోళ్ళకి ఎన్ని ఓట్లున్నాయి?"

"ఎవరూ లేరు సార్. అందరూ పోయారు. ఆ భాష ఎవరి ఇంట్లోనూ మాట్లాడరట."

"మరి పోయినోళ్ళకి భయపడతావేటి? వాళ్ళకి ముందు ఎవురు?"

"ఓ ముసలి భాషట సార్. ఎవరూ రాసి పెట్టలేదట. పండితులు వెనక్కి లెక్క కట్టి ఉండే ఉంటదని సెప్తన్నారట."

"దానికీ ముందు?"

"ఎవరికీ తెలీదట సార్."

మంత్రిగారు ఉప్మా ప్లేటు కింద పెట్టారు. ఆయన కళ్ళలో వెలుగు కనిపించింది. "అక్కడ మనం ఉన్నాం! ఎవరికీ తెలీని సోట మనమే ఉన్నామని సెప్తే కాదనే మగాడెవుడు? రాసీండి" అన్నారు.

కార్యదర్శి అనిరుధ్ సన్నగా దగ్గి, "సార్, నాదొక చిన్న విన్నపం. నౌకరు అనే అర్థమును మనం దాచుట ఎందులకు? సేవకుడు అని అనువదించిన యెడల అది ప్రతిష్ఠకు భంగం కాదు, ప్రచారమునకు అనుకూలం" అన్నాడు.

మంత్రిగారు చాపిన కాళ్ళు దగ్గరకు లాక్కుని నిటారుగా కూర్చున్నారు.

"ప్రజాసేవకుడు!" అన్నారు మంత్రిగారు నెమ్మదిగా, నోట్లో బెల్లంముక్క వేసుకున్నట్టు. "ఇన్నాళ్ళూ మనమే మన గురించి సెప్పుకున్నాం. ఇప్పుడు లాటినోడు సెప్పాడు! పైగా సచ్చిపోయినోడు, అబద్ధం ఆడడు!"

ఇక ఆఫీసరుగా దిగిపోయిన మంత్రి సంగతి మిగిలింది. అది విన్నప్పుడు మాత్రం మంత్రిగారు కార్యదర్శి వైపు ఎర్రగా చూశారు. "మా మాటని కూడా మీరే కొట్టీసేరన్నమాట" అన్నారు. అనిరుధ్ వినయంగా తల వంచి, ఆ తల ఎత్తేటప్పుడు చిన్నగా నవ్వుకున్నాడు. కమలాపండు సంగతి మంత్రిగారికి బాగా నచ్చింది. మన మంత్రి దారిలో ఏదో ఒక పండుకైనా పేరిచ్చాడని సంతోషించి, సభలో తనకు వేసే గజమాల పూలతో కాకుండా కమలాపండ్లతోనే కట్టించమని ఆజ్ఞాపించారు.

సభ ఫిషింగ్ హార్బరులోనే, తెల్లవారుజామున చేపల వేలంపాట జరిగే వేళకు పెట్టారు. జనాన్ని తోలుకొచ్చే ఖర్చు ఉండదని సన్యాసిరాజే సలహా ఇచ్చాడు. వేటకు వెళ్ళిన బోట్లు వచ్చి ఆగి ఉన్నాయి. చేపలు దించి ఉన్నాయి. కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు, వలలు బాగుచేసేవాళ్ళు ఎటూ ఉంటారు. మంత్రిగారు వచ్చేదాకా పాట ఆపమన్నారు. అప్పటికే సరుకు కొనుక్కున్న ఆడవాళ్ళు బజారుకు పోకుండా భద్రత కోసం గేటుకు అడ్డంగా ఇనప బారికేడ్లు పెట్టారు. మంత్రిగారు రావలసిన వేళకు రాలేదు. ఐసు కరిగి నీళ్ళయింది. ఎండ పైకొచ్చింది. చేపల మీద ఈగలు ముసిరాయి. సభాప్రాంగణం కిక్కిరిసిందని మరునాడు పత్రికలు రాశాయి. బయటకు పోయే దారి లేక కిక్కిరిసిందని రాయడానికి వాళ్ళకు చోటు చాల్లేదు.

చివరికి మంత్రిగారు వచ్చారు. క్రేనుకు వేలాడదీసిన కమలాపండ్ల గజమాల మెల్లగా దిగి, ఆయన్ను మెడ నుంచి మోకాళ్ళ దాకా తనలోకి తీసుకుంది. లోపలినుంచి ఆయన మైకు అందుకున్నారు.

"సోదరసోదరీమణులారా! మినిస్టర్ అనగా అధికారి కాదు. మినిస్టర్ అనగా పాలకుడు కాదు. లాటిన్ భాషలో మినిస్టర్ అనగా మీ ఇంటి నౌకరు! తక్కువవాడు! మీరు ఎక్కువవారు! నేను మీ నౌకర్ని! నాకు ఏ పనైనా చెప్పండి!"

సన్యాసిరాజు చప్పట్లు కొట్టాడు. జనం కొట్టారు. అన్నీ సవ్యంగా జరుగుతున్నాయి. వేదిక కిందనే నిలబడి ఉన్న సన్యాసిరాజు మనసు అప్పటికే చైర్మన్ కారు వెనకసీట్లో కూర్చుని ఉంది.

అప్పుడే ముందు వరసలోంచి అప్పలమ్మ అనే చేపలామె లేచింది. ఆమె కాళ్ళ దగ్గర కానాగంత చేపలతో నిండిన గంప ఉంది. మంత్రిగారు అప్పటికే క్రేను కొక్కెం విప్పించుకుని, గజమాలతో సహా వేదిక దిగి ఆమెకు ఎదురుగా వచ్చి నిలబడి, ఫొటోలకు నవ్వుతున్నారు.

"బాబూ, ఎండెక్కిపోతంది. సేపలు మెత్తబడిపోతన్నాయి. కాత్త సెయ్యెయ్యి" అంది అప్పలమ్మ, తల మీద గుడ్డచుట్ట సర్దుకుంటూ.

హార్బరులో ఒక పద్ధతి ఉంది. నిండు గంపను ఎవరూ తమంతట తాము నెత్తికెత్తుకోలేరు. అందుకని ఒకరు 'సెయ్యెయ్యి' అన్నారంటే, దగ్గరున్నవాడు బోటు ఓనరైనా, కానిస్టేబులైనా, కోర్టులో తన మీద కేసేసిన పగవాడైనా సరే, చేతిలోది కింద పెట్టి గంప రెండో అంచు పట్టుకోవలసిందే. మాటలు మానుకున్నవాళ్ళు కూడా గంప ఎత్తిపెట్టి, మళ్ళీ మాటలు మానుకుని వెళ్ళిపోతారు. అప్పలమ్మ వెటకారానికి అడగలేదు. దగ్గరగా ఉన్న మగమనిషి మంత్రిగారు గనక ఆయన్ను అడిగింది.

"అర్జీ ఇయ్యమ్మా, సూద్దాం" అన్నారు మంత్రిగారు చిరునవ్వు చెదరకుండా.

"అర్జీ కాదు బాబూ. సెయ్యి."

మంత్రిగారు గజమాల లోపలినుంచి కార్యదర్శి వైపు వంగారు. "ఇదెవురు సెయ్యాల?" అని గుసగుసగా అడిగారు.

"మన శాఖ పరిధి మాట వరకే సార్" అన్నాడు అనిరుధ్ అంతే గుసగుసగా. "ఎత్తుట మత్స్యశాఖకు చెందును. ఎత్తిన పిదప మోసుకొనిపోవుట రవాణాశాఖ. మనం చేయి వేసిన యెడల రెండు శాఖల అధికారములలో జోక్యమగును."

"మరేటి సేద్దాం?"

"రెండు శాఖలకు వర్తమానం పంపెదను."

ఇంతసేపూ అప్పలమ్మ నడుం వంచి, ఒక చేత్తో గంప అంచు పట్టుకుని నిలబడే ఉంది. కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. సన్యాసిరాజు తాను ఏం చేస్తున్నాడో తెలుసుకునే లోపే అతని చేతులు రెండో అంచు పట్టుకున్నాయి. భీమిలి దగ్గర పల్లెలో గడ్డిమోపులు ఎత్తిపెట్టి పెరిగిన చేతులు అవి. పార్టీ అడిగిన పనులు ఎన్ని చేసినా వాటికి పాత అలవాటు పోలేదు. ఒక్క ఊపులో గంప అప్పలమ్మ నెత్తికెక్కింది. చేపనీళ్ళు అతని ఇస్త్రీ ఖద్దరు చొక్కా మీద పై నుంచి కిందికి కారాయి.

"సల్లగుండు బాబూ" అంది అప్పలమ్మ. రెండడుగులు వేసి ఆగి, గంప కదలకుండా మెడ మాత్రం తిప్పి, "అయితే లాటిన్‌లో మినిస్టరువి నువ్వన్నమాట!" అంది.

జనం గొల్లున నవ్వారు. ఆ తర్వాత చప్పట్లు కొట్టారు. కొట్టేముందు ఎవరూ సన్యాసిరాజు వైపు చూసి అనుమతి తీసుకోలేదు. ఎవరో 'మినిస్టర్ సన్యాసిరాజు జిందాబాద్' అని కూడా అరిచారు. గజమాలలోంచి రెండు కమలాపండ్లు తెగి, దొర్లుకుంటూ వెళ్ళి నీళ్ళలో పడ్డాయి.

సాయంత్రం మంత్రిగారు పత్రికలవారిని పిలిచారు. ముఖం గంభీరంగా ఉంది.

"సన్యాసిరాజు అనే కార్యకర్త ప్రమాణస్వీకారం చేయకుండా, గవర్నరుగారి అనుమతి లేకుండా, బహిరంగంగా మంత్రి విధులు నిర్వర్తించాడు. ఇది ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టు. అతన్ని పార్టీ నుంచి ఆరేళ్ళు సస్పెండ్ చేస్తున్నాం."

"అంటే గంప ఎత్తడం మంత్రి విధేనని మీరు ఒప్పుకుంటున్నారా సార్?" అని ఒక విలేఖరి అడిగాడు.

"నూటికి నూరుపాళ్ళు. అందుకే మంత్రి తప్ప ఇంకెవరూ ఎత్తకూడదు."

"మరి మీరెప్పుడు ఎత్తుతారు?"

"కమిటీ వేశాం."

గాజువాకలో సన్యాసిరాజు ఇది టీవీలో చూసి, మంచం మీద బోర్లా పడుకున్నాడు. పోయింది. కుర్చీ పోయింది, కారు పోయింది, పేరు ముందు ఒక మాట ఉంటుందనుకుంటే అదీ పోయింది. జీవితమంతా ఎవరి కోసం గొంతు చించుకున్నాడో వాళ్ళే బయటకు గెంటేశారు. తలగడ తడిసిపోయింది.

రామలక్ష్మమ్మ కొట్టు కట్టేసి వచ్చి పక్కన కూర్చుంది. ఆమె ముఖంలో సన్యాసిరాజు చాలాకాలంగా చూడని కళ ఉంది.

"మా సెల్లికి ఫోన్ సేసేను" అంది.

"ఏటని? ఎల్లగొట్టీసేరనా?"

"కాదు. మా ఆయన గంపెత్తాడని. మినిస్టరు ఎత్తలేదు, మా ఆయన ఎత్తాడని. ఇన్నాళ్ళకి నువ్వేటి సేసావో టీవీలో సెప్పారు. మా సెల్లి అత్తోరు ఫోన్ లాక్కొని మరీ అడిగారు" అంది. చేప వాసన వేస్తున్న చొక్కాను విప్పించి, ఉతకడానికి మనసొప్పక కాసేపు ఒళ్ళోనే పెట్టుకుంది.

"నీకేటి తెలుసు, పోస్టు పోయిందే" అని సన్యాసిరాజు గోడ వైపు తిరిగాడు.

కాని పోలేదు. గంప వీడియో తెల్లారేసరికి ఫోన్లన్నీ చుట్టేసింది. నాయకుడు ప్రజల బరువు ఎత్తుకోవడం ఎంత బాగుందో అని రాజధానిలో పెద్దలు అనుకున్నారు. అర్జునరావుగారికి ఫోన్ వచ్చింది.

"ఆ గంప మనిషి మనవాడేనా?"

"మనవాడే సార్. నానే ఎత్తమన్నాను. అందుకే పక్కకి జరిగాను" అన్నారు అర్జునరావుగారు, నిలబడి.

సస్పెన్షన్ ఉత్తర్వు టైపు అవుతూండగానే ఆగిపోయింది. ఆరేళ్ళు అన్నది తండ్రి కొడుకును కసిరినట్టు ప్రేమతో అన్నమాటేనని మంత్రిగారు వివరణ ఇచ్చారు. రుజువులు ఏ వైపు తేలాయో ఎవరూ అడగలేదు. నల్లరాతి మీద అక్షరాలు అలాగే ఉన్నాయి. దీనా మేడమ్‌ను సన్మానానికి పిలిచారు గాని, మాట్లాడమని అడగలేదు. సన్యాసిరాజు రాష్ట్ర పదమూల పరిశోధన సంస్థకు చైర్మన్ అయ్యాడు. ప్రమాణం చేస్తున్నప్పుడు అతను మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ఏడుపు మాత్రం అచ్చమైనదే.

స్తూపం ఆవిష్కరణకు అతను హార్బరుకు వచ్చాడు. బోర్డున్న కారులో వచ్చాడు. తలుపు ఒకరు తీశారు, గొడుగు ఒకరు పట్టారు. 'గంప ఎత్తిన చేయి' అని కాంక్రీటుతో చేయించిన చెయ్యి స్తూపం కొసన ఆకాశంలోకి లేచి ఉంది. చైర్మన్‌గారు సేవ అనే మాట పుట్టుక గురించి అరగంట మాట్లాడారు. లాటిన్ రెండుసార్లు, ఫ్రెంచి ఒకసారి పలికారు. జనం ఆయన మాటలకు మధ్యమధ్య చప్పట్లు కొట్టారు. మొదట కొట్టి దారి చూపడానికి ఇప్పుడు వేరే మనిషిని పెట్టారు.

దిగి కారు వైపు వస్తుంటే బారికేడు పక్కనే అప్పలమ్మ కనిపించింది. కాళ్ళ దగ్గర నిండు గంప. తల మీద గుడ్డచుట్ట.

"మా మినిస్టరు బాబొచ్చీసేడు" అంది నవ్వుతూ. "కాత్త సెయ్యెయ్యి బాబూ."

సన్యాసిరాజు చేతులు వెంటనే లేచాయి. అందులో సందేహం లేదు, అక్కడున్నవాళ్ళంతా చూశారు. గంప వైపే లేచాయి. సరిగ్గా అప్పుడే ఎదురుగా కెమెరామనిషి "సార్, ఒక్కసారి ఇటు" అన్నాడు. గాల్లోకి లేచిన ఆ రెండు చేతులూ గుండె దాకా వచ్చి, అక్కడ ఒకదాన్నొకటి కలుసుకుని, ముకుళితమైపోయాయి.

"అందరికీ నమస్కారం" అన్నారు చైర్మన్‌గారు.

కారు తలుపు వేసుకుంది. అప్పలమ్మ గంప అంచు పట్టుకుని, వంగి, ఇంకా నిలబడే ఉంది.